ఐరావతాన్ని అమ్మనా, ఉంచనా?

ఇంగ్లండ్ నుంచి 61 ఏళ్ల పాఠకురాలు ఒకరు పద్నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టవద్దన్నారు. అంతా వేయడానికి చోటు లేదు కనుక కుదించి చెబుతున్నాను.

ఆమెది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయిన ఏడాదికి, 1989లో, భర్త వెంట ఇంగ్లండ్ వెళ్లారు. ఆయన ఆస్పత్రి యంత్రాలు బాగుచేసే ఇంజనీరు. 1998లో ఒక పాత ఫోక్స్‌వాగన్ కాంపర్ వ్యాన్ కొని ఇంటికి తెచ్చారు. 1974 నాటి బండి. లోపల మంచం, రెండు పొయ్యిల స్టవ్, చిన్న సింకు, పైకి లేచే కప్పు, అన్నీ డెవన్ అనే కంపెనీ వాళ్లు అమర్చినవి. తెల్ల రంగు కనుక ఐరావతం అని పేరు పెట్టారు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు నోరు తిరక్క అది ‘ఐరా’ అయింది.

“ప్రతి వేసవీ అందులోనే తిరిగాం. లేక్ డిస్ట్రిక్ట్‌లో జోరు వాన. కుక్కర్ పెట్టాను. మూడో విజిల్‌కి పక్క టెంటు వాళ్లు ఏదో పేలిపోతోందని పరుగెత్తుకొచ్చారు. వాళ్లకీ పప్పన్నం, ఆవకాయ పెట్టి పంపించాం. ఆ మడత బల్ల మీద ఆవకాయ నూనె మరక ఇప్పటికీ పోలేదు” అని రాశారు.

రెండేళ్ల కిందట భర్త గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. అప్పటి నుంచి బండి గ్యారేజీలోనే ఉంది. ఈమె లైసెన్సు ఆటోమేటిక్ కార్లకే పనికొస్తుంది. ఆ బండికి గేర్లు. అంటే చట్టప్రకారం కూడా ఆమె దాన్ని రోడ్డెక్కించలేరు. కూతురు అమ్మేయమంటోంది. కొడుకు లీడ్స్‌లో ఫ్లాట్‌లో ఉంటాడు, బండి పెట్టుకునే చోటు లేదు. అమ్మకం మాట ఎత్తగానే “నాన్నని అమ్మేస్తావా అమ్మా?” అన్నాడట. ఈ రెండేళ్లలో ఒకసారి గ్యారేజీ తెరిచి, డ్రైవర్ సీట్లో అరగంట కూర్చుని, తాళం కూడా తిప్పకుండా దిగి వెళ్లిపోయాడు. గుంటూరులో ఉన్న మరిది మాత్రం ఓడలో వేసి పంపమంటున్నారు. టూరిస్టులను అరకు తిప్పుతారట.

కొంటామంటున్నవాళ్లు ఇద్దరు. ఒకరు వీధి చివర ఉండే ఇంగ్లీషాయన. భర్తకు ఇరవై ఏళ్ల స్నేహితుడు, శనివారాలు ఇద్దరూ కలిసే ఆ బండి కింద దూరేవారు. ఆయన 9,000 పౌండ్లు ఇస్తానంటున్నారు. “అతను ఉంటే ఇది నా దగ్గరికే రావాలని కోరుకునేవాడు” అని కూడా అన్నారు. రెండోది ఎవరో చెబితే వచ్చి చూసి వెళ్లిన యువజంట. వాళ్లు 16,500 ఇస్తామన్నారు. అయితే ఇంజిన్ తీసేసి ఎలక్ట్రిక్ మోటారు బిగిస్తారట. లోపలి చెక్క పనంతా మార్చేస్తారట.

ఇంకో చిక్కు ఉంది. భర్త రాసుకున్న నోటు పుస్తకాల్లో ఈమెకు ఒక లైను కనిపించింది. “ఎడమ వైపు అడుగు పట్టీ తుప్పు. వెల్డింగ్ చేయించాలి. ఇప్పటికి పుట్టీ పెట్టి రంగు వేశాను.” ఆ వెల్డింగ్ జరగనేలేదు. పిల్లలకు తెలియదు, ఆ స్నేహితుడికీ తెలియదు. “ఇది చెబితే ధర తగ్గుతుంది, అది సరే. ఆయన పేరు కూడా తగ్గుతుందేమో. కన్నబిడ్డలా చూసుకున్నాడని అందరూ అంటారు కదండీ” అన్నారు.

చివర్లో మరో రెండు మాటలు. “గ్యారేజీ తలుపు మూసి ఉంటే నాకు హాయిగా ఉంటుంది. ఆ హాయి తప్పేమో తెలియడం లేదు. ఇంకోటి, కర్టెన్లు మార్చమంటారా? ఇంగువ వాసన పోవడం లేదు.”

*

అమ్మా, ముందు కర్టెన్ల సంగతి తేల్చేద్దాం. మార్చకండి. ఉతికి, ఎండ కాసిన రోజు తలుపులు బార్లా తెరిచి ఉంచండి. పాత బండ్ల మీద మోజున్నవాళ్లకు లోపల ఎంత పాతది మిగిలి ఉంటే అంత ఇష్టం. మీరు కొత్త కర్టెన్లు కుడితే, వాళ్లు వాటిని పీకి పాతవి ఎక్కడున్నాయని అడుగుతారు. ఇంగువ వాసనకు ఎవరూ బేరం వదులుకోరు. తడి వాసనకు వదులుకుంటారు. కప్పు దగ్గర రబ్బరు పోయి నీళ్లు దిగుతున్నాయని దానికి అర్థం. పరుపు కింద చెయ్యి పెట్టి చూడండి. పొడిగా ఉంటే చాలు. బల్ల మీద మరకను అలాగే వదిలేయండి.

మీరు నన్ను అడిగింది అమ్మాలా, ఉంచాలా అని. ఉత్తరం రెండుసార్లు చదివాక, మీరు ఈ రెండిట్లో ఏదీ చేయడం లేదని నాకు అనిపించింది. మీరు చేస్తున్నది మూడోది. అమ్మకుండా, నడపకుండా, తలుపు వేసి పెట్టడం. మీ అబ్బాయి దాన్నే ‘ఉంచుకోవడం’ అనుకుంటున్నాడు. అది ఉంచుకోవడం కాదని చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మా నాన్నగారిది బజాజ్ చేతక్. ఆయన పోయాక మా అమ్మ దాన్ని అమ్మనివ్వలేదు. రాజమండ్రి ఇంటి వరండాలో టార్పాలిన్ కప్పి తొమ్మిదేళ్లు ఉంచాం. పండక్కి వెళ్లినప్పుడల్లా నేను ఆ టార్పాలిన్ మీద చెయ్యి వేసి నిమిరి వచ్చేవాణ్ణి, అదేదో గొప్ప సేవ చేసినట్టు. చివరికి ఒక మెకానిక్‌ను పిలిచి కప్పు తీయిస్తే, సీటు కింద ఎలుకలు పిల్లలు పెట్టి ఉన్నాయి, పెట్రోల్ ట్యాంకు అడుగు జల్లెడ అయిపోయింది. తూకానికి ఇచ్చేశాం. అద్దం ఒకటి విప్పి ఇవ్వమని మా అమ్మ అడిగింది.

మీ బండికి ఈ రెండేళ్లలో ఏమై ఉంటుందో చెబుతాను. ట్యాంకులో ఉన్నది రెండేళ్ల నాటి పెట్రోలు. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలంటే ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపింది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును తినేస్తుంది. మన దగ్గర ఇప్పుడు ఈ20 గురించి జరుగుతున్న గోల ఇదే. మీవారు ఇథనాల్ తక్కువుండే ఈ5 పోసేవారేమో, ఆ నోటు పుస్తకాల్లో ఉండే ఉంటుంది చూడండి. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలో తేమను పీల్చుకుంటుంది. కదలకుండా ఉంటే వీల్ సిలిండర్లు బిగుసుకుపోతాయి. ఒకేచోట నిలబడిన టైర్లు పైకి కొత్తవాటిలా కనిపిస్తూనే లోపల పాడవుతాయి.

ఒక్క విషయం మాత్రం ఈ రోజే మీ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పండి. ఈసారి వచ్చినప్పుడు తాళం తిప్పవద్దని. ఈ బండ్లకు ఇంజిన్ వెనకాల ఉంటుంది, రేడియేటర్ లేదు, గాలితోనే చల్లబడాలి. పెట్రోల్ పైపు ఎండి బీటలిచ్చి ఉంటే, ఆ చుక్కలు వేడి ఇంజిన్ మీద పడతాయి. ఈ మోడళ్లు రోడ్డు మీద నిలువునా కాలిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. పైపులు మార్చి, పాత పెట్రోలు తీయించి, ఆయిల్ మార్పించాకే స్టార్ట్ చేయాలి. ఆ వీధి చివరి స్నేహితుడికి ఇది ఒక శనివారం పని. కొన్నా కొనకపోయినా ఆయన ఇది చేసిపెడతారు, అడగండి.

ఇక బండి ఎవరిది అన్న ప్రశ్న. మీ అబ్బాయి మాటలో, మీ భయంలో, ఇది నలుగురి ఉమ్మడి ఆస్తి అన్నట్టు ధ్వనిస్తోంది. ఇంగ్లండ్, వేల్స్ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా భర్త పోతే, ఇంటి సామాను, కారు లాంటి సొంత వస్తువులు భార్యకే వస్తాయి. వ్యాపారానికి వాడినవి అయితే వేరు. ఐరావతంతో మీవారు వ్యాపారం చేయలేదు. అంటే బండి మీది. ఈ మాట పిల్లల మొహాన విసరడానికి చెప్పడం లేదు. అనుమతి కోసం ఎదురు చూస్తున్నట్టు ఉన్నారు మీరు. ఇవ్వాల్సింది మీరేనని గుర్తు చేస్తున్నాను. లాగ్‌బుక్ ఎవరి పేరున ఉందన్నది వేరే సంగతి. అది బండి ఎవరి దగ్గర ఉందో చెప్పే కాగితమే, సొంతదారు ఎవరో తేల్చే పత్రం కాదని దాని మీదే అచ్చేసి ఉంటుంది.

అబ్బాయి దగ్గరికి వద్దాం. “నాన్నని అమ్మేస్తావా” అన్నది ప్రశ్న కాదు, ఏడుపు. దానికి జవాబుగా ధరలు, గ్యారేజీ అద్దెలు చెబితే మాట కుదరదు. అలాగని ఆ ఏడుపుకు భయపడి మీరు ఆగిపోతే, వాడి దుఃఖానికి కాపలా కాసే పని మీ మీద పడుతుంది. రెండేళ్లుగా పడే ఉంది.

వాడికే ఇచ్చి చూడొచ్చు. ఊరికే కాదు, గడువు పెట్టి. “బండి నీకే ఇస్తాను. వచ్చే మార్చిలోపు లీడ్స్‌లో ఒక గ్యారేజీ అద్దెకు చూసుకో, నీ పేరున ఇన్సూరెన్సు తీసుకో, నీ చేతులతో నడుపుకుంటూ తీసుకెళ్లు” అనండి. వాడు తీసుకెళ్తే మీ సమస్య తీరింది. తీసుకెళ్లకపోతే, తను చేయలేడన్న సంగతి ఎవరూ అనకుండానే వాడికి తెలుస్తుంది. మీరు ‘అమ్మిన అమ్మ’ కాకుండా పోతారు. ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. అభిమానం కొద్దీ తీసుకెళ్లి, అద్దె గ్యారేజీలో మళ్లీ తలుపు వేసేయొచ్చు. ఈ బండికి మూడు వేల మైళ్లకోసారి ఆయిల్ మార్చాలి, ఇంజిన్ వాల్వులను కదిపే టప్పెట్లు సరిచూసుకోవాలి. మీవారు ముప్పై పౌండ్లలో చేసుకున్న పనికి వాడు బయట గంటల లెక్కన కట్టాలి. నాన్నంటే ప్రేమ ఉన్నవాడు వేరు, స్పానర్ పట్టేవాడు వేరు. మీవాడు రెండోవాడు కూడా అవుతాడో లేదో మీకే తెలియాలి. ఒక మేలేమిటంటే విడిభాగాలకు కరువు లేదు. ఈ మోడల్ జర్మనీలో 1979లో ఆగిపోయినా, బ్రెజిల్‌లో దీని తమ్ముళ్లు 2013 చివరి దాకా తయారయ్యాయి.

మరిదిగారి ప్లాను మీద ఎక్కువ రాయను. ఓడ ఖర్చు, దాని మీద సుంకాలు కలిపితే ఆ డబ్బుతో గుంటూరులో కొత్త బండే వస్తుంది. పైగా మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తే, దాన్ని రోజూ తిప్పకూడదు, కిరాయికి అసలే తిప్పకూడదు. అరకు ఘాట్ రోడ్డు మీద, గాలితో చల్లబడే ఇంజిన్‌తో, మే నెలలో, నిండా టూరిస్టులతో! ఆయన ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది.

వీధి చివరి స్నేహితుడి బేరం దీనికంటే చిక్కుగా ఉంది. ఆయన తక్కువ అడుగుతున్నారని కాదు. అడిగిన తీరు. “అతను ఉంటే నాకే ఇచ్చేవాడు” అన్న మాట నిజమే కావచ్చు. చనిపోయినవాళ్ల తరఫున బేరం ఆడితే అవతలివాళ్లకు నోరు పెగలదు. మీకూ పెగల్లేదు. రెండు బేరాలకూ మధ్య తేడా 7,500 పౌండ్లు. ఇరవై ఏళ్ల శనివారాలకు కృతజ్ఞతగా అంత ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. దాన్ని బహుమతి అని తెలిసి ఇవ్వండి. ధర అనుకుని ఇస్తే, ఆర్నెల్ల తర్వాత మీ అమ్మాయి లెక్క వేసి చూపించినప్పుడు మీకు మండుతుంది. మీరు ఆయనకు ఉన్నమాట చెప్పేయవచ్చు. “నాకు ఇంత ఇస్తామన్నవాళ్లు ఉన్నారు. మీ దగ్గర ఉంటే నాకు సంతోషం. ఎంత వరకు రాగలరు? నెలాఖరు దాకా ఎవరికీ చెప్పను.” ఆయన పన్నెండు వేలకు వస్తారేమో, రారేమో. అలిగితే అలగనివ్వండి. నిజమైన స్నేహమైతే వారం తిరక్కముందే మళ్లీ తలుపు తడుతుంది.

ఆయనకు అమ్మే ముందు మీ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఒక్కటి ఊహించుకోండి. ఆదివారం పొద్దున ఆ ఇంజిన్ చప్పుడు వీధిలో వినిపిస్తుంది. ఆ చప్పుడు మీకు వేల చప్పుళ్లలో తెలుస్తుంది. బండి మీ గుమ్మం ముందు నుంచి వెళ్తుంది, లోపల వేరే ఆయన. కొందరికి అది ఓదార్పు. కొందరికి ప్రతి ఆదివారం ఒక పుండు. మీరు ఏ రకమో నాకు తెలియదు. మీరైతే కళ్లు మూసుకుంటే తెలుసుకోగలరు.

ఎలక్ట్రిక్ మోటారు జంట మాట రాసేటప్పుడు మీ అక్షరాలే మారిపోయాయి, పెన్ను నొక్కి రాశారు. నేను వాళ్ల పక్షం కొంచెం మాట్లాడతాను. ఇంజిన్ మార్చినా ఆ బండి మళ్లీ సరస్సుల ఒడ్డున ఆగుతుంది, అందులో పిల్లలు నిద్రపోతారు. గ్యారేజీలో ఒరిజినల్ ఇంజిన్‌తో తుప్పు పట్టడం కంటే అదే మేలని నా లెక్క. మీ లెక్క వేరుగా ఉండొచ్చు. ఒకటి మాత్రం ఖాయం. డబ్బు తీసుకున్నాక బండి వాళ్లది. “చెక్క పని తీయకండి” అని మాట తీసుకుని అమ్మితే, ఆ మాట వాళ్లు తప్పినప్పుడు బాధపడటానికి మీరు ముందుగానే టికెట్టు కొనుక్కున్నట్టే. భరించలేననుకుంటే వాళ్లకు అమ్మకండి. ఇద్దరు తెలిసినవాళ్లు అడిగారని ప్రపంచంలో ఇద్దరే కొనేవాళ్లు ఉన్నారనుకోవద్దు. పాత ఫోక్స్‌వాగన్ల సంఘాలు ఆ దేశంలో ఊరికొకటి ఉంటాయి. బండిని ఉన్నది ఉన్నట్టు ఉంచుకునే పిచ్చివాళ్లు అక్కడే దొరుకుతారు. మార్చి, ఏప్రిల్‌లో అడిగి చూడండి. నవంబరు వానలో కాంపర్ వ్యాన్ కొనాలని ఎవరికి ఉంటుంది? డీలరుకో వేలానికో అప్పగిస్తే తిప్పలు తగ్గుతాయి, కమిషను పోతుంది, ఎవరి చేతికి వెళ్తుందో మీ చేతిలో ఉండదు. కొందరికి ఆ మూడోదే వరం. కొన్నవాళ్ల మొహం చూడనక్కర్లేదు.

పుట్టీ సంగతి. దీన్ని దాచే వీలు కూడా లేదు. ఆ దేశంలో బండి నంబరు కొడితే ఎంఓటీ అనే ఏడాదికోసారి ఫిట్‌నెస్ తనిఖీల పాత చరిత్ర ఎవరికైనా కనిపిస్తుంది. ఆ తుప్పును ఎవరో ఒక టెస్టరు ఏనాడో రాసి ఉండొచ్చు. తెలివైన కొనుగోలుదారు జేబులో అయస్కాంతం వేసుకుని వస్తాడు. పట్టీ పొడవునా జరుపుతూ వస్తుంటే, ఇనుము ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. ఆ జారిన శబ్దం మీరు పక్కన నిలబడి వినడం కంటే, అతను వంగకముందే మీరు వేలు పెట్టి చూపించడం నయం. ప్రైవేటుగా అమ్మేవాళ్లు డీలర్లలా గ్యారంటీ ఇవ్వనక్కర్లేదు. కానీ అడిగినప్పుడు అబద్ధం చెప్పకూడదు, రోడ్డు మీద నడపడానికి పనికిరాని బండిని పనికొస్తుందని అమ్మకూడదు. రెండోది అక్కడ నేరం.

వెల్డింగ్ చేయించి, బిల్లు ఫైల్లో పెట్టి పూర్తి ధర అడగొచ్చు. లేదా ఉన్నది చెప్పి తగ్గించి అమ్మొచ్చు. మొదటిదానిలో ఒక ఇబ్బంది ఉంది. ఈ బండ్లలో ఒకచోట కోస్తే పక్కన ఇంకో రెండుచోట్ల తుప్పు బయటపడుతుంది, లెక్క పెరుగుతుంది. నేనైతే ముందు ఎత్తి చూపించి, ఎంతవుతుందో రాతలో తీసుకుని, ఆ కాగితాన్నే కొనేవాళ్ల చేతిలో పెడతాను. 40 ఏళ్లు దాటిన బండి కనుక మీకు ఎంఓటీ తప్పనిసరి కాదు. అయినా చేయించండి. గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. అంతకంటే చవకైన నోరున్న సాక్షి మీకు దొరకదు.

మరి ఆయన పేరు? అమ్మా, ఆయన దాచలేదు. తేదీ వేసి, తన చేతి రాతతో, “ఇప్పటికి పుట్టీ పెట్టాను, వెల్డింగ్ చేయించాలి” అని రాసుకున్నారు. దాచేవాడు రాయడు. ఆ లైను చదివితే కొనేవాడికి ఆయన మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు. పాతికేళ్లలో ఒక పని మిగిలిపోయింది. ఎవరికి మిగలలేదు?

కాగితాల పని గబగబా చెప్పేస్తాను. మీవారు పోయిన సంగతి అక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏకు తెలియజేశారా? ఉత్తరంలో లేదు. చెప్పకపోతే చెప్పండి, లాగ్‌బుక్ మీ పేరుకు మార్చుకోండి. బండి రోడ్డెక్కనంత కాలం సోర్న్, అంటే బండి రోడ్డు మీదికి రాదన్న ప్రకటన, పెట్టి ఉంచాలి, లేదంటే జరిమానా నోటీసు వస్తుంది. పాత బండికి రోడ్డు ట్యాక్సు సున్నాయే, అయినా దరఖాస్తు పెట్టి ‘సున్నా’ కట్టాలి. అదో తమాషా. ఆయన పేరున ఉన్న ఇన్సూరెన్సు ఇప్పుడు పనిచేస్తుందనుకోకండి. నడిపి చూస్తామన్నవాళ్ల దగ్గర వాళ్ల సొంత ఇన్సూరెన్సు కాగితం చూడందే తాళం ఇవ్వకండి. డబ్బు మీ ఖాతాలో పడిందని బ్యాంకు చెప్పాలి, కొనేవాడి ఫోన్ తెర చెప్పడం కాదు. బండి చూడకుండానే అడిగినంతా ఇస్తాం, మనిషిని పంపి తీసుకెళ్తాం అన్నవాళ్లతో అసలు మాట్లాడకండి. అమ్మిన రోజే డీవీఎల్‌ఏకు చెప్పేయండి. లేదంటే వాళ్ల స్పీడు చలానాలు మీ ఇంటికి వస్తాయి.

ఇప్పుడు ఆ హాయి గురించి. మీ పద్నాలుగు పేజీల్లో కుక్కర్ ఉంది, చపాతీల డబ్బా ఉంది, పిల్లల తడి బట్టలు స్టవ్ మీద ఆరబెట్టడం ఉంది, గోంగూర పచ్చడి సీసా పగిలి పరుపంతా అయిన రోజు ఉంది. మీరు ఊరికే కూర్చుని సరస్సును చూసిన ఒక్క సాయంత్రం లేదు. ఉండే ఉంటుంది, రాయడం గుర్తుకు రాలేదు. ఆ బండి ఆయనకు సెలవు. మీకు మాత్రం చక్రాల మీద వంటిల్లు. ఆయన్ను ప్రేమించడానికీ, ఆ వంటింట్లోంచి బయటపడ్డందుకు ఊపిరి పీల్చుకోవడానికీ మధ్య పోటీ ఏమీ లేదు. తలుపు మూసి ఉంటే మీకు హాయిగా ఉండటంలో నాకు తప్పు కనిపించలేదు. అమ్మిన డబ్బుతో ఎవరో వండిపెట్టే చోట ఒక వారం ఉండి రండి. మీ అమ్మాయిని తీసుకెళ్లండి.

చివరగా ఆ నోటు పుస్తకాలు. రసీదులు, పాత ఎంఓటీ కాగితాలు, విడిభాగాల బిల్లులు బండితో పాటు వెళ్లాలి. మంచి చరిత్ర ఉన్న బండికి ధర పలుకుతుంది. నోటు పుస్తకాలు మాత్రం ఇవ్వకండి. అవి తెలుగులో ఉన్నాయి, కొన్నవాళ్లకు అక్కరకు రావు. అందులోంచి తేదీ, మైళ్లు, చేసిన పని ఇంగ్లీషులో ఒక జాబితాగా రాసి ఇస్తే చాలు. మీ అబ్బాయికి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదన్నారు. అందుకని ఒక శని, ఆదివారం వాణ్ణి రమ్మనండి. మీరు చదవండి, వాడు టైపు చేస్తాడు. బండి ఎవరికి వెళ్లినా, చివరికి వాడికే వెళ్లినా, ఈ పని చేయాల్సిందే.

మీరు ఉత్తరంలో ఎత్తి రాసిన ఆ పేజీ వచ్చినప్పుడు కాస్త ఆగండి. “7-8-2004. స్కై దీవి. క్లచ్ కేబుల్ తెగింది. రెండో గేరులో 11 మైళ్లు తెచ్చాను. వాడు పక్కన కూర్చుని లాంతరు పట్టుకున్నాడు. ఏడవలేదు.” జాబితాలోకి ‘క్లచ్ కేబుల్, 2004’ అని వెళ్తే సరిపోతుంది. మిగతాది వాడికి రెండుసార్లు చదివి వినిపించండి.